కీర్తన చరణాల్లో ఊపిరి చాలడం లేదు, దమ్ము పెరగాలంటే ఏ సాధన చేయాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను. తిరుపతిలో ఒక సంకీర్తన బృందంలో పాడుతున్నారు. పల్లవి, అనుపల్లవి ఇబ్బంది లేకుండా వస్తున్నాయి. చరణంలో పొడుగు పాదం వచ్చేసరికి చివరి మూడు నాలుగు అక్షరాలకు ఊపిరి మిగలడం లేదు. గొంతు వణుకుతోంది, శ్రుతి కిందికి జారుతోంది. పాదం ఎత్తుకునేటప్పుడు భుజాలు లేస్తున్నాయని, మెడ నరాలు ఉబ్బుతున్నాయని పక్కవాళ్ళు చెప్పారు. ఏడాదిగా అనులోమ విలోమం చేస్తున్నా పాటలో తేడా లేదు. గాలి ఎక్కువ పట్టడానికి ఏం చేయాలి, ముక్కుతో పీల్చాలా నోటితోనా, ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఊపిరితిత్తుల్లో చోటు చాలినంత ఉంది. పాదం మొదట్లోనే గాలి ఎక్కువ ఖర్చయిపోతోంది. భుజాలు లేవడం, మెడ బిగియడం, చివర వణుకు, ఈ మూడూ కలిసి కనిపించినవాళ్ళలో నేను చూసినంతవరకు కారణం ఇదే. అందుకని ఇంకా ఇంకా గాలి పీల్చే సాధన మీకు మేలు చేయదు, కొన్నిసార్లు చెడుపు చేస్తుంది. వదలడాన్ని పట్టి ఉంచే సాధన కావాలి. రోజుకు పావుగంట చొప్పున చేస్తే విడిగా స్వరాల్లో మూడు నాలుగు వారాలకే తేడా తెలుస్తుంది. అది పాటలోకి, అదీ జనం ముందు పాడే పాటలోకి దిగడానికి మూడు నెలలైనా పడుతుంది.

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడండి. ఆదితాళం ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది అక్షరాలు (ఇక్కడ అక్షరం అంటే తాళంలో ఒక లెక్క). నిమిషానికి 60 అక్షరాల నడకలో అది ఎనిమిది సెకన్లు, కాస్త చురుగ్గా 80లో పాడితే ఆరు సెకన్లు. స్వరతంత్రులు సరిగ్గా మూసుకుని పలికే గొంతు సెకనుకు సుమారుగా 100 నుంచి 200 మిల్లీలీటర్ల గాలి వాడుతుంది. అంటే ఆవర్తనానికి లీటరు, మహా అయితే లీటరున్నర. నిండా పీల్చి పూర్తిగా వదిలితే పెద్దవాళ్ళలో మూడు నుంచి అయిదు లీటర్లు వస్తుంది. ఆడవాళ్ళలో, పొట్టిగా ఉన్నవాళ్ళలో తక్కువ వైపు ఉంటుంది. మీకు మూడు లీటర్లే అనుకున్నా ఒక పాదానికి అందులో సగం సరిపోవాలి. అదే సెకనుకు 300 మిల్లీలీటర్లు కారిపోతుంటే ఎనిమిది సెకన్లకు 2.4 లీటర్లు కావాలి. ఇక చివరి అక్షరాలకు గొంతు వణకక ఏం చేస్తుంది?

గాలి ఎందుకు కారిపోతుంది

ఊపిరితిత్తులకు, పక్కటెముకలకు సాగే గుణం ఉంది. ఎంత ఎక్కువ నింపితే అంత బలంగా మళ్ళీ ముడుచుకోవాలని చూస్తాయి. గొంతు దాకా గాలి నింపి పాదం ఎత్తుకుంటే మొదటి రెండు సెకన్లలో ఆ ముడుచుకునే బలమే గాలిని బయటికి తోసేస్తుంది. దాన్ని ఆపడానికి వేరే దారి లేక గొంతు బిగుసుకుంటుంది. మీ మెడ నరాలు ఉబ్బేది అందుకే. చివరికి వచ్చేసరికి గాలి అడుగంటుతుంది, అప్పుడు పొట్ట కండరాలతో పిండుతారు. ఒత్తిడి నిలకడగా ఉండదు కాబట్టి స్వరం వణుకుతుంది, శ్రుతి పడిపోతుంది.

మీ బృందంలో హార్మోనియం ఉంటే దాని తిత్తులను గమనించండి. చేత్తో ఆడించే బయటి తిత్తి గాలి అందిస్తుంది. లోపల స్ప్రింగుల మీద ఉండే ఇంకో తిత్తి ఆ గాలిని నిల్వ చేసుకుని రీడ్లకు ఒకే ఒత్తిడితో పంపుతుంది. గాయకుడిలో ఆ లోపలి తిత్తి పని చేయాల్సింది కింది పక్కటెముకలు, వాటి మధ్య కండరాలు. పీల్చినప్పుడు అవి పక్కలకు విచ్చుకుంటాయి. పాడుతున్నప్పుడు వాటిని వెంటనే కూలిపోనివ్వకుండా, విచ్చుకున్న స్థితిలోనే వీలైనంతసేపు ఉంచాలి. మీరు నేర్చుకోవాల్సిన అసలు పని ఇదొక్కటే. కింద చెప్పేవన్నీ దీనికోసమే.

"డయాఫ్రంతో పాడు" అనే సలహా మీరు వినే ఉంటారు. డయాఫ్రం గాలి పీల్చుకునే కండరం. పీల్చేటప్పుడు బిగిసి కిందికి దిగుతుంది, కడుపులోని అవయవాలను కిందికి నెడుతుంది, అందుకే పొట్ట కాస్త ముందుకు వస్తుంది. వదిలేటప్పుడు మెల్లగా సడలుతూ పైకి వెళ్తుంది. దాన్ని నేరుగా తాకి తెలుసుకోలేం, దాన్నొక్కదాన్నే విడిగా ఆడించనూ లేం. ఆ సలహా విని చాలామంది పొట్టను బలవంతంగా బయటికి తోస్తారు. గాలి రాకుండా కండరం మాత్రమే ముందుకు వస్తుంది, నడుము నొప్పి మిగులుతుంది. పొట్ట మీద ధ్యాస తగ్గించి, బొడ్డుకు పైన పక్కల మీద, వెనక నడుము పైభాగం మీద ధ్యాస పెట్టండి.

ముందు మీరే పరీక్షించుకోండి

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. హాయిగా, నిండా కాకుండా పీల్చి, పాము బుసలాగా "స్‌స్‌స్" అని సన్నగా, ఒకే స్థాయిలో వదలండి. ఎన్ని సెకన్లో రాసుకోండి. రెండు నిమిషాలు ఆగి, ఇంగ్లీషు జిప్ అన్నప్పటి "జ్" ధ్వనిని గొంతు పలికిస్తూ అలాగే సాగదీయండి. తరువాత మీ ఆధార షడ్జం (మీ శ్రుతిలోని "స") మీద "ఆ". ఒక్కోటి మూడేసి సార్లు చేసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి.

స్‌, జ్‌ రెండూ దాదాపు సమానంగా వస్తే స్వరతంత్రులు బాగా మూసుకుంటున్నట్టే. స్‌ 20 సెకన్లు వచ్చి జ్‌ 13 దగ్గరే ఆగిపోతే, అంటే స్‌ అంకెను జ్‌ అంకెతో భాగిస్తే 1.4 దాటితే, లోపం ఊపిరిలో కాక గొంతు దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. తంత్రులు సరిగ్గా కలవకపోతుండవచ్చు. అలసట, జలుబు తరువాతి వాపు, తంత్రుల మీద చిన్న బొడిపెలు, ఏదైనా కావచ్చు. అప్పుడు ఎన్ని ఊపిరి సాధనలు చేసినా ఫలితం రాదు. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర గొంతు లోపలికి చూపించుకోవాలి. రెండూ 10 సెకన్లలోపే ఉంటే ఛాతీ డాక్టరుకు కూడా ఒకసారి చూపించుకోండి. ఇంకో సంగతి, ఇంట్లో మామూలు మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే రక్తం పరీక్ష చేయించుకోండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు "దమ్ము లేదు" అంటూ సంగీతంలో దారి వెతుక్కోవడం నేను తరచూ చూస్తుంటాను.

కూర్చునే తీరు

మన పాట నేల మీద కూర్చుని పాడే పాట. పద్మాసనమో సుఖాసనమో వేసుకుని, ముందు పెట్టుకున్న పుస్తకంలోకి వంగి పాడితే కింది పక్కటెముకలు తుంటి మీదికి వచ్చి కూర్చుంటాయి. విచ్చుకోవడానికి చోటే ఉండదు. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి, రెండు మూడు అంగుళాల ఎత్తు వచ్చేలా వేసుకోండి. మోకాళ్ళు తుంటికన్నా కిందికి ఉండాలి, అప్పుడు నడుము తనంతట తానే నిలబడుతుంది. పుస్తకాన్ని వ్యాసపీఠం మీద కళ్ళ ఎత్తుకు దగ్గరగా పెట్టండి. గడ్డం పైకెత్తకండి.

ఎవరూ చెప్పని విషయం ఇంకోటి ఉంది. లంగా బొందు. కార్యక్రమానికి చీర జారకూడదని నడుము దగ్గర గట్టిగా బిగించి కడతారు, సరిగ్గా అక్కడే పక్కటెముకలు విచ్చుకోవాలి. నిండా ఊపిరి పీల్చి పట్టుకుని, ఆ స్థితిలో బొందు కట్టండి. మగవాళ్ళకు బెల్టు, పంచె ముడి విషయంలోనూ ఇదే మాట.

సాధన క్రమం

మొదటి వారం చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద. ముక్కుతో పీల్చినప్పుడు కింది చెయ్యి లేవాలి, పైది దాదాపు కదలకూడదు. మూడు నిమిషాలు చాలు. పడుకుంటే భుజాలు లేవడానికి వీలుండదు కాబట్టి శరీరానికి దారి త్వరగా తెలుస్తుంది. దీన్ని నెలల తరబడి చేయనక్కరలేదు, పాడేది పడుకుని కాదు కదా.

తరువాత అసలు సాధన. కూర్చుని, అరచేతులు కింది పక్కటెముకల మీద, బొటనవేళ్ళు వెనక్కి, మిగతా వేళ్ళు ముందుకు. సెకనుకు ఒకటి చొప్పున లెక్క.

నాలుగు లెక్కల్లో చప్పుడు లేకుండా పీల్చండి. నిండుగా వద్దు, నూటికి డెబ్బయి పాళ్ళు. చేతులు పక్కలకు జరగాలి.

రెండు లెక్కలు ఆగండి. గొంతు మూయకుండా ఆగాలి. ఇది కీలకం. నోరు కాస్త తెరిచి, ఇంకా పీల్చబోతున్నట్టే ఉండి, పీల్చకుండా ఉండటం. గొంతులో తాళం పడ్డట్టు అనిపిస్తే తప్పు చేస్తున్నారు. పక్కటెముకలే గాలిని ఆపాలి.

పన్నెండు లెక్కలు "స్‌" వదలండి. మొదటి లెక్క ధ్వని, పన్నెండో లెక్క ధ్వని ఒకేలా ఉండాలి. చేతుల కింద పక్కటెముకలు కనీసం ఎనిమిదో లెక్క దాకా విచ్చుకునే ఉండాలి, పొట్ట మెల్లగా లోపలికి వెళ్ళాలి. గాలి పూర్తిగా అయిపోకముందే ఆపండి. రెండు మామూలు ఊపిరులు తీసుకుని మళ్ళీ. అయిదుసార్లు.

పన్నెండు సులువయ్యాక పదహారు, ఆపైన ఇరవై, ఇరవై నాలుగు. వారానికి నాలుగు లెక్కలకు మించి పెంచకండి. ముప్పై దాటించాలని పంతం పెట్టుకోవద్దు, కీర్తనలో అంత పొడుగు పాదం రాదు. చివరి లెక్కల్లో మెడ బిగియడం మొదలైందంటే ఆ రోజు లెక్క ఎక్కువైనట్టు, వెనక్కి రండి.

దీంట్లో తరచూ జరిగే తప్పులు మూడు. ధ్వని మొదట పెద్దగా వచ్చి తగ్గిపోవడం, అంటే పట్టు ఇంకా రాలేదు. వదలడం మొదలుపెట్టగానే ఛాతీ దబ్బున పడిపోవడం, దీనికి అద్దం ముందు కూర్చోవడమే మందు. మూడోది కళ్ళు తిరగడం. ఎక్కువ గాలి వేగంగా పీలుస్తూ వదులుతూ ఉంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు సన్నబడతాయి, అందుకని తల తేలిపోయినట్టు ఉంటుంది. ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకుంటే తగ్గుతుంది. మధ్యలో ఆ రెండు మామూలు ఊపిరులు పెట్టింది అందుకే, వాటిని ఎగ్గొట్టకండి.

ఇది పట్టుబడ్డాక గొంతు కలపాలి. అరగ్లాసు నీళ్ళలో మామూలు జ్యూస్ స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, పెదాలు గట్టిగా మూసి, స్ట్రాలోకి మీ షడ్జం పలికించండి. బుడగలు ఒకే వరుసలో రావాలి. ఒక్కసారిగా ఎగిసిపడితే గాలి తోస్తున్నారు, ఆగి ఆగి వస్తే గొంతు బిగిస్తున్నారు. నిలకడ వచ్చాక స-ప-స అని జారుస్తూ పాడండి, ఆపైన తారస్థాయి (పై స్థాయి) షడ్జం దాకా. మూడు నుంచి అయిదు నిమిషాలు. స్ట్రాలో నీళ్ళ వల్ల పుట్టే ఎదురు ఒత్తిడి తంత్రులకు ఆసరా అవుతుంది, తక్కువ శ్రమతో మూసుకుని కదులుతాయి. కారిపోయే గొంతుకు ఇంతకన్నా చవకైన, మంచి వైద్యం నాకు తెలియదు. కార్యక్రమానికి ముందు గొంతు వేడెక్కించడానికి కూడా ఇదే వాడండి.

అలంకారాలే మీ నిచ్చెన

మన పాఠక్రమంలో దమ్ము సాధనకు కావాల్సింది ముందే ఉంది, ఎవరూ ఆ కోణంలో చూడరు. ఏడు తాళాల్లో స్వరాలు పాడే పాఠాలైన సప్తతాళ అలంకారాలను ఆవర్తనం పొడవు ప్రకారం పేర్చండి: ఏకతాళం 4 అక్షరాలు, రూపకం 6, త్రిపుట 7, మఠ్యం 10, ఝంపె 10, ధ్రువం 14, అట 14. శ్రుతి పెట్టుకుని, నిమిషానికి 60 నడకలో, ఒక ఆవర్తనానికి ఒకే ఊపిరి. ఏకతాళంతో మొదలుపెట్టండి. నాలుగు సెకన్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇక్కడ చూడాల్సింది నాలుగో అక్షరం మొదటి అక్షరమంత నిండుగా ఉందా అని. అది కుదిరాకే రూపకం. ధ్రువతాళంలో "సరిగమ గరి సరిగరి సరిగమ" పద్నాలుగు సెకన్లూ చివరి మధ్యమం వణకకుండా నిలిచిందంటే మీ చరణం సమస్య సగం తీరినట్టే.

రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, పాడితే ఎక్కువ గాలి కావాలని అనుకుంటారు. గాలి ఖర్చు స్వరాల సంఖ్యను బట్టి కాదు, సమయాన్ని బట్టి ఉంటుంది. రెండో కాలంలో అదే పద్నాలుగు సెకన్లలో రెండింతల స్వరాలు వస్తాయి, గాలి అంతే పడుతుంది. ఎక్కువైపోతుంటే ఒక్కో స్వరానికీ పొట్టతో కొడుతున్నారని అర్థం. గమకాల్లోనూ ఇదే తప్పు ఎక్కువ. కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, గొంతులో పుట్టాలి, పొట్టను ఊపి పుట్టించకూడదు. పాడుతూ పొట్ట మీద చెయ్యి వేసి చూడండి, స్వరం స్వరానికీ అది ఎగురుతుంటే మొదటి కాలానికి తిరిగి వెళ్ళండి.

అకార సాధన వదలకండి. ఉదయం ఆధార షడ్జం నుంచి మంద్రస్థాయిలోకి (కింది స్థాయిలోకి) దిగుతూ స, ని, ద, ప, ఒక్కోటి పది సెకన్లు. ఇక్కడ ఎత్తుకునే తీరు ముఖ్యం. "హా" అని ఎత్తుకుంటే తంత్రులు మూసుకోకముందే గాలి జారిపోతుంది, మీ లాంటి గొంతుల్లో పెద్ద చిల్లు ఇదే. "క్కా" అన్నట్టు కొట్టి ఎత్తుకుంటే తంత్రులకు దెబ్బ. పెదాలు మూసి "మ్‌" అని ఒక సెకను నిలిపి మెల్లగా "మా" అని తెరవండి. కొన్నాళ్ళకు ఆ "మ్‌" లేకుండానే "ఆ" శుభ్రంగా వస్తుంది.

పాటలో ఎక్కడ పీల్చాలి

ఇది ఊపిరి సాధన కాదని కొట్టిపారేయకండి. మీ ఇబ్బందిలో మూడో వంతు ఇక్కడే తీరుతుంది. పాడే ముందు చరణాన్ని వచనంలా చదివి, పదచ్ఛేదం చేసి, పెన్సిల్‌తో ఊపిరి గుర్తులు పెట్టుకోండి. సమాసం మధ్యలో తెగకూడదు. "శేషాచలవాసా" అన్న మాటను "శేషా" దగ్గర ఆపి పీలిస్తే మిగిలేది "చలవాసా", అర్థం లేదు, వినేవాళ్ళకు చివుక్కుమంటుంది. క్రియ తరువాత, సంబోధన తరువాత, విభక్తి ప్రత్యయం తరువాత ఆగవచ్చు. పెద్ద గుర్తు పూర్తి ఊపిరికి, చిన్న గుర్తు అర సెకను ఊపిరికి. ప్రతిసారీ అదే చోట పీల్చాలి. రోజుకొక చోట పీలిస్తే శరీరం ఎంత గాలి సిద్ధం చేయాలో ఎప్పటికీ నేర్చుకోదు.

ఊపిరికి కావాల్సిన సమయాన్ని వెనక అచ్చు నుంచి తీసుకోండి, ముందు వచ్చే అక్షరం నుంచి కాదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర సాగదీయడం మనకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖంలో పడి తాళం దెబ్బ దాకా సాగదీసి, గబగబా గాలి మింగి, తరువాతి ఎత్తుగడ ఆలస్యం చేస్తారు. ఆ అచ్చును అర అక్షరం ముందు వదిలేయండి, ఎవరికీ లోటు తెలియదు. తాళం మొదలయ్యాక అర అక్షరానికో ఒకటిన్నర అక్షరానికో ఎత్తుకునే కీర్తనల్లో ఆ ఖాళీ మీకు దొరికిన వరమే, తొందరపడకుండా ముక్కుతో పీల్చండి.

మహాప్రాణాలు (ఖ, థ, భ లాంటివి), స, శ, ష, హ ఎక్కువున్న పాదాల్లో గాలి ఖర్చు పెరుగుతుంది. అలాంటి పాదానికి ఒక చిన్న గుర్తు అదనంగా పెట్టుకోండి. భకారం స్పష్టంగా పలకాలి గానీ, మైకులో గాలి దెబ్బ వినపడేంత వద్దు.

ముక్కా నోరా అన్నారు. సమయం ఉంటే ముక్కు, లేకపోతే రెండూ కలిపి. కీర్తన మొదట్లో, స్వరాల తరువాత, వయొలిన్ వాయిస్తున్నప్పుడు ముక్కుతో పీల్చండి. గాలి తడిగా, వెచ్చగా వెళ్తుంది. చరణం మధ్య అర సెకనులో ముక్కు చాలదు. నోరు కొద్దిగా తెరిచి, గొంతు ఆవులింత మొదట్లో ఉన్నట్టు పెట్టి పీల్చాలి. చప్పుడు వినపడకూడదు. చప్పుడు వస్తే గొంతు ఇరుకైందని గుర్తు, గాలీ తక్కువే వస్తుంది. ఈ చిన్న ఊపిరికి సాధన వేరే ఉంది. "స్‌! స్‌! స్‌!" అని పొట్టను లోపలికి కొడుతూ చిన్న చిన్నగా వదలండి. ప్రతి కొట్టుడు తరువాత పొట్టను వదిలేస్తే చాలు, గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. పీల్చాలని ప్రయత్నించకండి. పదేసి చొప్పున రెండు విడతలు.

భజనల్లో, బృందగానంలో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా పీలుస్తారు, వాడింది కొంచెమే, లోపల పాత గాలి అలాగే ఉంటుంది. దాని మీద కొత్తది. నాలుగు పాదాలకు ఛాతీ బిర్రుగా నిండిపోయి ఆయాసం వస్తుంది, గాలి చాలలేదని ఇంకా పీలుస్తారు. అలా అనిపిస్తే పీల్చకండి, ఒకసారి వదలండి. బృందంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడుకుని ఊపిరి చోట్లు మార్చి పెట్టుకుంటే పొడుగు పాదం ఎక్కడా తెగదు.

శ్రుతి ఒకసారి చూసుకోండి

మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పాడే బృందాల్లో హార్మోనియం వాయించేవారి సౌకర్యం కోసమో, మైకులో గొంతు లేవాలనో శ్రుతి అర మెట్టు పైకి పెట్టేస్తారు. చరణాలు సాధారణంగా పైస్థాయిలో తిరుగుతాయి కాబట్టి దెబ్బ పల్లవిలో తెలియదు, చరణంలో తెలుస్తుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇలాగే ఉంది. మంద్ర పంచమం వినపడేలా, తారస్థాయి పంచమం కాకపోయినా మధ్యమం దాకా అరవకుండా అందేది మీ శ్రుతి. ఇంట్లో అదే కీర్తనను అయిదున్నర శ్రుతి బదులు అయిదులో, నాలుగున్నరలో పాడి చూడండి. చరణం ఒక్కసారిగా సులువైతే సగం జవాబు అక్కడే దొరికింది.

ప్రాణాయామం సంగతి

అనులోమ విలోమం మనసును నిమ్మళం చేస్తుంది, ఊపిరిని నెమ్మది చేస్తుంది, మానకండి. కానీ అందులో గొంతు పలకదు, తంత్రుల కింద ఒత్తిడిని నిలబెట్టే పని ఉండదు. అందుకే పాటలో తేడా రాలేదు. పాటకు దగ్గరగా వచ్చేది భ్రామరి. నెమ్మదిగా పీల్చి తుమ్మెద నాదంతో పొడుగ్గా వదలడం మంచి సాధన, మీ షడ్జం మీదే చేయండి. కపాలభాతిలో వదలడం బలంగా, పీల్చడం తేలికగా ఉంటుంది. పొట్ట కండరాలకు చురుకు వస్తుంది గానీ, వదలడాన్ని పట్టి ఉంచడానికి అది పూర్తిగా ఎదురు. పాడబోయే ముందు అసలు వద్దు. ఉజ్జాయిలో గొంతు ఇరుకు చేసి చప్పుడుతో పీలుస్తారు, ఆ అలవాటు పాటలోకి రానివ్వకండి. ఊపిరి ఆపి ఉంచే కుంభకంలో గొంతు బిగించి ఆపడం అలవాటైనవాళ్ళు పైన చెప్పిన "రెండు లెక్కలు ఆగడం" దగ్గర తప్పకుండా తడబడతారు, ఓపిగ్గా సరిచేసుకోండి. రక్తపోటు, హెర్నియా, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్ ఏదైనా ఉంటే ఊపిరి ఆపేవి, బలంగా వదిలేవి డాక్టరును అడగకుండా చేయకండి.

ఈ ఊరి వాతావరణం, తిండి

అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కడం గుండెకు, కాళ్ళకు మంచిది, దమ్ముకు పునాది. ఎక్కుతూ గొంతెత్తి గోవింద నామాలు, భజనలు పాడటం మాత్రం జాగ్రత్త. ఆయాసంలో శరీరానికి ప్రాణవాయువు కావాలి, పాటకు గాలిని ఆపి ఉంచాలి, రెండూ ఒకేసారి కుదరవు. గొంతు మధ్యలో నలిగిపోతుంది. బృందంగా ఎక్కుతుంటే ఒకరు పలికితే మిగతావాళ్ళు అందుకునే పద్ధతి పెట్టుకోండి, ముందు పాడేవాళ్ళను కొన్ని మెట్లకొకసారి మార్చండి. నడిచి వెళ్ళి కొండమీద పాడాల్సి ఉంటే కనీసం అరగంట కూర్చుని, ఊపిరి మామూలయ్యాకే గొంతు విప్పండి.

ఎండాకాలం, గంగజాతర రోజుల్లో గొంతు ఎండుతుంది. మనం తాగే నీళ్ళు స్వరతంత్రులను నేరుగా తాకవు, ఒంట్లోకి చేరి తడి అందాలి. వేదిక ఎక్కే ముందు గటగటా తాగితే పొట్ట బరువు తప్ప ఫలితం ఉండదు, పొద్దున్నుంచి కొంచెం కొంచెంగా తాగండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై పాడేవాళ్ళు ఇల్లు కదలకముందే పది నిమిషాలు స్ట్రా సాధనో భ్రామరో చేసుకుని, ముక్కు మీదుగా కండువా కప్పుకుని వెళ్ళాలి.

భోజనానికి, పాటకు మధ్య రెండు గంటలు ఉండాలి. సంగటి ముద్ద నిండుగా తిని కూర్చుంటే డయాఫ్రం కిందికి దిగడానికి చోటుండదు. చెనక్కాయల ఊరిబిండి కారంగా తిని రాత్రి వెంటనే పడుకునేవాళ్ళలో పుల్లటి తేన్పులు గొంతుదాకా వస్తాయి. పొద్దున్నే గొంతు బొంగురు, పదేపదే గొంతు సవరించుకోవడం ఉంటే అదే అనుమానించండి. ఆ వాపుతో తంత్రులు సరిగ్గా మూసుకోవు, గాలి కారుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే ఏ కారణమైనా సరే డాక్టరుకు చూపించాల్సిందే.

ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే మానకండి, వాడిన ప్రతిసారీ నీళ్ళతో నోరు, గొంతు పుక్కిలించి ఉమ్మేయండి. ఆ మందు గొంతులో నిలిస్తే బొంగురు వస్తుంది.

రోజువారీ లెక్క ఇలా పెట్టుకోండి. ఉదయం స్‌ సాధన అయిదు నిమిషాలు, స్ట్రా మూడు నిమిషాలు, మంద్ర అకారం, ఒక అలంకారం. సాయంత్రం చరణం ఒక్కటే, గుర్తులు పెట్టుకున్న చోట్ల ఊపిరితో, మామూలు నడకకన్నా కాస్త వేగంగా. నిలకడ వచ్చేకొద్దీ నడక తగ్గిస్తూ అసలు కాలానికి రండి. నెమ్మది నడకతో మొదలుపెట్టడం స్వరాలు నేర్చుకోవడానికి సరైన పద్ధతి, ఊపిరికి మాత్రం తలకిందులు. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి చివరి మూడు అక్షరాలు మాత్రమే వినండి. జలుబు చేసిన రోజు స్‌ సాధన తప్ప మిగతావి ఆపేయండి.

మీరు పాడే శ్రుతి, ఆ చరణం ఏ తాళం, స్‌, జ్‌, ఆ పరీక్షల్లో వచ్చిన మూడు అంకెలు ఇక్కడ రాయండి. ఇబ్బంది పెడుతున్న పాదం కూడా రాస్తే ఊపిరి గుర్తులు ఎక్కడ పెట్టుకోవాలో చెబుతాను.